ఎండలో తేటపడే పలక

ఆ ప్రయోగశాలలో ఉష్ణోగ్రత ఇరవై రెండు డిగ్రీలు. ఏడాది పొడుగునా, అధికారులు వచ్చినా రాకపోయినా ఇరవై రెండే. ఒక డిగ్రీ పెరిగితే గోడ మీద ఎర్ర దీపం వెలిగేది, రెండు పెరిగితే ఎవరో ఒకరు సంజాయిషీ రాయాల్సి వచ్చేది. అందువల్ల బయట తారు రోడ్డు కరిగి చెప్పులకు అంటుకునే రోజుల్లో కూడా లోపల పనిచేసే పదిమందీ స్వెట్టర్లు తొడుక్కుని, ముక్కులు తుడుచుకుంటూ, మానవాళి రక్షణకు పాటుపడేవారు.

ఆ పదిమందిలో చదువు తక్కువా, జీతం తక్కువా, పలుకుబడి ఎక్కువా అయిన మనిషి ఒకామె ఉంది. ఆమెను అందరూ మసకమ్మ అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండే ఉంటుంది, కానీ పట్టీ తెరిచి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఏ పలక చేతికిచ్చినా ఆమె నోట ముందు వచ్చే మాట ఒకటే. శాస్త్రవేత్తలు పది రోజులు చెమటోడ్చి (ఇరవై రెండు డిగ్రీల్లో చెమటోడ్చడం మాటలు కాదు) చేసుకొచ్చిన పలకను రెండు వేళ్ళతో పట్టుకుని, కిటికీ వైపు తిరిగి, ఒక కన్ను మూసి, "మసకగా ఉందండీ. కుడి మూల మరీను" అనేది. అంత చదువుకున్నవాళ్ళూ శిక్ష విన్న ముద్దాయిల్లా తలలు వంచుకుని వెళ్ళిపోయేవారు.

ఈ ఉద్యోగంలోకి ఆమె దరఖాస్తు పెట్టుకుని రాలేదు. అంతకుముందు పద్నాలుగేళ్ళు ఒక కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసేది. ముందు గదిలో షాపాయన జనం చేత అక్షరాలు చదివిస్తుంటే, వెనక గదిలో ఈమె వాళ్ళ చూపును చక్రం మీద సాన పట్టేది. ఒకనాడు బట్టతలా ఆందోళనా సమపాళ్ళలో ఉన్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, అరచేయంత పలక బల్ల మీద పెట్టి, అంచులు నునుపు చేసిపెట్టమన్నాడు. ఆమె దాన్ని వెలుగులో పట్టి చూసి, అంచుల సంగతి పక్కన పెట్టి, "ఇందులో ఏదో బట్ట ఉన్నట్టుందేంటండీ? మసకగా ఉంది" అంది. పెద్దమనిషి కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. పలకలో గాజునూలు బట్ట ఉన్న మాట నిజమే. ఆ మాట చెప్పడానికి తమ మీటరుకు అరగంట పట్టింది. ఆయనే ప్రయోగశాల పెద్ద. నెల తిరక్కుండా ఆమెను తెచ్చేసుకున్నాడు. తర్వాతెప్పుడో ఆయన కళ్ళజోడు మరమ్మతుకు తీసుకెళ్తే, షాపాయన మూడు వారాలు తిప్పించి పగ తీర్చుకున్నాడు.

వాళ్ళు చేస్తున్నది ముఖకవచం. అటునుంచి దూసుకొచ్చే ముక్కలు ఇటు రాకూడదు, ఇటునుంచి పోయే చూపు మాత్రం అటు పోవాలి. ఈ రెండు కోరికలకూ పుట్టుక నుంచీ పడదు. గట్టిగా ఉండాలంటే మందం కావాలి, మందం పెరిగితే బరువు పెరుగుతుంది, ఆ బరువు మోసేది మెడ. బరువు తగ్గాలంటే పల్చని రెజిన్ జిగురులో గాజునూలు బట్టను పొరలు పొరలుగా పరిచి గట్టిపడనివ్వాలి. బట్ట బలాన్నిస్తుంది, కానీ తానూ కనబడుతుంది. దోమతెర వెనక నుంచి లోకాన్ని చూసినట్టుంటుంది. దానికి విరుగుడు ఒక్కటే. గాజు కాంతిని ఎంత వంచుతుందో, జిగురు కూడా సరిగ్గా అంతే వంచాలి. అప్పుడు జిగురు ఎక్కడ అయిపోయిందో, గాజు ఎక్కడ మొదలైందో కాంతికి తెలియదు. తిన్నగా వెళ్ళిపోతుంది. బట్ట ఉంటుంది, కనబడదు.

అందుకోసం రెండు సీసాలుండేవి. ఒకదానిలో కాంతిని కాస్త ఎక్కువ వంచే జిగురు, రెండోదానిలో తక్కువ వంచేది. వాటికి నోరు తిరగని పేర్లున్నాయి. మసకమ్మ మాత్రం మొదటిదాన్ని అత్త అనీ, రెండోదాన్ని కోడలు అనీ పిలిచేది. ఏ పాళ్ళలో కలిపితే గాజు నోరు మూసుకుంటుందన్నదే అక్కడి పరిశోధన. "అత్త అరవై రెండు, కోడలు ముప్పై ఎనిమిది" అంటూ పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్ళు కాగితం మీద రాసుకునేవారు, పెద్దాయన దగ్గరుండి ఆమె చేత కలిపించేవాడు.

ఇదంతా ఎవరికోసమో ఆ పదిమందిలో మసకమ్మకే బాగా తెలుసు. ఆమె చెల్లెలు మందుపాతరలు ఏరివేసే దళంలో పనిచేసేది. ఎప్పుడో సద్దుమణిగిన గొడవలో ఎవరో పాతిపెట్టి మరిచిపోయినవాటిని, వీళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని, జానెడు జానెడు నేల వెతుక్కుంటూ తీసేవాళ్ళు. తలకు తగిలించుకునే అద్దం కిలో పైచిలుకు బరువు. పని జరుగుతున్నంతసేపూ అది గడ్డం కిందికి దిగి ఉండాలన్నది నియమం. నియమాన్ని అందరూ గౌరవించేవారు, పైఅధికారి కనుచూపు మేరలో ఉన్నంతవరకూ.

ఒక ఆదివారం చెల్లెలు ఇంటికొచ్చింది. కుడికంటి కింద గోరంత గాటు.

"ఏంటే అది?"

"గులకరాయి ఎగిరింది. పార తగిలి."

"అద్దం లోపలికి గులకరాయి ఎలా వచ్చిందే?"

చెల్లెలు నీళ్ళు నమిలింది. నమిలి నమిలి చివరికి తిరగబడింది. "కాస్త ఎత్తుకున్నానక్కా, రెండు వేళ్ళ సందు, అంతే! ఆ బరువు నెత్తిన పెట్టుకుని గంటసేపు మోకాళ్ళ మీద కూర్చో, నీకే తెలుస్తుంది. లోపలంతా ఆవిరి, పైనంతా గీతలు. ఏది గడ్డిపరకో ఏది మందుపాతర తీగో తెలియట్లేదు. అది తెలియకపోతే అద్దం ఉండి ఏం లాభం చెప్పు?"

"తెలుసుకుందామని ఎత్తావు. తెలిసేలోపు అది పేలితే?"

"మరి నువ్వు చేసివ్వు, ఎత్తక్కర్లేనిది. మూడేళ్ళ నుంచీ చేస్తున్నారుగా స్వెట్టర్లేసుకుని!"

బస్సు డ్రైవరైన మసకమ్మ భర్త మధ్యలో, "ఎదురెండ కొడితే నేను కూడా తల బయట పెట్టే తోలతాను" అని మరదలికి వత్తాసు పలకబోయాడు. మసకమ్మ చూసిన చూపుకి, తను అసలు అక్కడ లేనట్టు లేచి పెరట్లోకి నడిచాడు.

ఆ మాట పడ్డాక మసకమ్మకు నిద్ర సరిగా పట్టలేదు, అన్నం సయించలేదు. రెండు నెలలు తిరిగేసరికి అద్భుతం జరిగింది. నూట పదకొండో పలకను అచ్చులోంచి తీసి ఆమె చేతికిచ్చారు. ఆమె కిటికీ వైపు తిరిగింది. ఒక కన్ను మూసింది. రెండో కన్ను మూసి మొదటిది తెరిచింది.

"ఏదండీ బట్ట?" అంది మసకమ్మ. "వెయ్యడం మరిచిపోయారా?"

అంతే! పెద్దాయన చేతిలో టీ కప్పు ఉన్న సంగతి మరిచి చప్పట్లు కొట్టాడు. మీటరు దగ్గర కూర్చునే కొలతల మాస్టారు మసక నూటికి రెండని అంకె చూసి, ఆ అంకెకు దండం పెట్టాడు. కొసముక్కల మీద కాల్పుల పరీక్ష కూడా దిగ్విజయంగా ముగిసింది. ఇక మిగిలింది నిపుణుల సంఘం. నాలుగు వారాల్లో వాళ్ళు కూర్చుని, ఇలాంటి పలకతో చేసిన నిండు కవచం చూసి, సరే అంటే అది బయటికి వెళ్తుంది, కాదంటే ప్రయోగశాల తలుపుకు తాళం పడుతుంది. ఈ రెండిటికీ మధ్య మూడో దారి లేదని పైనుంచి ముందే రాసి పంపారు.

ఆ శనివారం మసకమ్మ గేటు దగ్గర చీటీ రాయించుకుని, అట్టముక్కంత కొస ఒకటి సంచిలో వేసుకుంది, చెల్లెలికి చూపించి నోరు మూయించాలని. బస్సు రాలేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆమె ఆగలేక ముక్క బయటికి తీసి, దానిలోంచి ఎదుటి వీధిలోకి చూసింది.

ముక్క నిండా పాలు కలిపినట్టు తెల్లదనం. అందులో బట్ట నేత పోగు పోగునా కనబడుతోంది, నిలువు పోగులూ అడ్డపోగులూ లెక్కపెట్టుకోవచ్చు.

ఆమెకు ముందు తన కళ్ళ మీదే అనుమానం వచ్చింది. నలభై ఏడేళ్ళు. కళ్ళలో పొర మొదలయ్యే వయసు. ఆ కళ్ళు తప్ప తనకు వేరే డిగ్రీ లేదు. చెల్లెలి ఇంటి బస్సు వదిలేసి, పాత దుకాణానికి వెళ్ళే బస్సెక్కింది. షాపాయన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, దీపం వేసి, ఒక కన్నూ మరో కన్నూ పరీక్షించి, పై వరుస నుంచి కింది వరుస దాకా చదివించాడు. ఆమె అచ్చు వేసినవాడి పేరు కూడా చదివింది.

"నీ కళ్ళకేం, గద్ద కళ్ళు. వెనక్కొచ్చేస్తానంటే చెప్పు, చక్రం అక్కడే ఉంది" అన్నాడు షాపాయన.

ఆమె వినిపించుకోలేదు. చేతిలో ముక్కనే చూస్తోంది. దుకాణంలో చల్లగా ఉంది. పోగులు ఒకటొకటిగా జారుకుంటున్నాయి. ఆమె ముక్క పట్టుకుని గుమ్మం దాటి ఎండలో నిలబడింది. పది నిమిషాలకు మళ్ళీ నేత. లోపలికొచ్చింది. మాయం. బయటికి. నేత. లోపలికి. మాయం. షాపాయన దుకాణానికి వచ్చిన ఇద్దరు జనం, ఈమె ప్రదక్షిణలు చూసి, ఇదేదో కొత్త రకం కంటి వైద్యం కాబోలనుకున్నారు.

సోమవారం పొద్దున్నే పెద్దాయన గదిలో తీర్పు చెప్పింది. "మన పలక ఇంట్లో పులి, వీధిలో పిల్లి అండీ."

కొలతల మాస్టారు ఒప్పుకోలేదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనిషి ఆయన. "మీటరు రెండంది. రెండంటే రెండే."

"మీ మీటరు ఎప్పుడైనా ఎండలోకొచ్చిందా మాస్టారూ?"

"అది సున్నితమైన యంత్రం తల్లీ. ఎండలోకి తీసుకెళ్ళకూడదు."

"మా చెల్లెలు కూడా సున్నితమైనదేనండీ. దాన్ని రోజూ తీసుకెళ్తున్నారు."

పెద్దాయనకు విషయం ఒక్క నిమిషంలో తెలిసిపోయింది, అదే ఆయన బాధ. ఎండకు గాజు బింకంగా ఉండిపోతుంది, జిగురు మాత్రం సడలిపోతుంది. కాంతిని వంచడంలో రెండిటికీ కుదిరిన పొత్తు చెడుతుంది. ఈ మాట ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. మూడేళ్ళుగా పదిమంది పండితులు ఆ పుస్తకాన్ని ఇరవై రెండు డిగ్రీల్లో చదువుతూ కూర్చున్నారు, అంతే తేడా.

"సంఘం ముందు చూపించేది ఏసీ గదిలోనే కదమ్మా," అన్నాడు మెల్లిగా. "ముందు గండం గట్టెక్కనీ. ఎండ సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే ఎప్పుడండీ? ఇలాంటిది ఇస్తే మా చెల్లెలు రెండు వేళ్ళు కాదు, జానెడు ఎత్తుతుంది."

ఆయన నుదురు పట్టుకున్నాడు. మసకమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు. "అసలు ఎండలో వాళ్ళ అద్దం ఎంత వేడెక్కుతుందండీ?"

ఉక్కు ముక్క ఎంత వేగంతో వస్తుందో ఆ గదిలో అందరికీ కంఠతా వచ్చు. కవచం పెట్టుకున్న మనిషి ముఖం ముందు వేడి ఎంతుంటుందో ఒక్కరికీ తెలియదు. ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఆ సాయంత్రమే మసకమ్మ చెల్లెలికి ఫోను చేసి, జ్వరం చూసే అట్టలాంటి పట్టీ ఒకటి అద్దం లోపలివైపు మూలన అంటించుకోమంది, గంట గంటకూ రాసుకోమంది.

"నేను మందుపాతర తియ్యాలా, అద్దానికి జ్వరం చూడాలా?"

"రెండూ చెయ్యి. అద్దానికి జ్వరమొస్తే నీకు కళ్ళు కనబడవే."

వారం రోజులకు సిగరెట్టు పెట్టె అట్ట వెనక రాసిన లెక్కలు వచ్చాయి. (సిగరెట్టు పెట్టె ఎవరిదన్న విచారణ వేరే జరిగింది, అది ఈ కథకు అక్కర్లేదు.) పొద్దున పని మొదలుపెట్టిన పావుగంటకు ముప్పై నాలుగు. పదకొండుకు ముప్పై ఎనిమిది. మధ్యాహ్నం నలభై ఒకటి. మబ్బు పట్టిన రోజున కూడా ముప్పై నాలుగుకు తగ్గలేదు. అడుగున చెల్లెలు రాసింది: "ఎండ లేకపోయినా మూతి ఉందిగా అక్కా. ఊపిరికే కుంపటిలా ఉంటుంది."

పెద్దాయన ఆ అట్టను బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. చూసి చూసి ఒక్కసారిగా లేచాడు. ఆయన ముఖంలోకి పాతికేళ్ళ వయసు తిరిగొచ్చింది. "మనం మూడేళ్ళు కష్టపడి ఈ గదికి కవచం చేశాం! గదికి! గది మీద ఎవరూ దాడి చెయ్యట్లేదే!" అని అరిచాడు. "ముప్పై ఎనిమిది! ముప్పై ఎనిమిది దగ్గర పొత్తు కుదర్చాలి. అటు మూడు, ఇటు నాలుగు దాకా లాక్కొస్తుంది."

"అంటే అత్త పాలు పెంచాలన్నమాట" అంది మసకమ్మ.

"పెంచాలి. పెంచితే..." పెద్దాయన ఉత్సాహం అక్కడ కుంటింది. "పెంచితే ఇరవై రెండు దగ్గర మసకేస్తుంది. సంఘం గదిలో ఇంకా చల్లగా పెట్టుకుంటారు."

అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. ఆ గాజునూలు బట్ట ప్రత్యేకంగా నేయించింది. మళ్ళీ రావాలంటే ఎనిమిది నెలలు. మిగిలిన బట్ట సరిగ్గా ఒక్క నిండు కవచానికి వస్తుంది. గదిలో మెరిసేదైనా చెయ్యొచ్చు, ఎండలో కనబడేదైనా చెయ్యొచ్చు. రెండూ చెయ్యడానికి లేదు.

పెద్దాయన రెండు రోజులు చేతులు నలుపుకున్నాడు. మూడో రోజు ఆయన, మసకమ్మ జిగురు కలిపే బల్ల దగ్గరికొచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇవాళ నాకు తలనొప్పిగా ఉందమ్మా. నువ్వే కలుపు. ఎంత పాళ్ళలో కలపాలో నన్ను అడక్కు" అన్నాడు.

"అడగనండీ. కానీ చెప్తాను. మీరూ కాగితం మీద రాసి సంతకం పెట్టండి. తాళం పడితే అందరికీ కలిపి పడాలి గానీ, కలిపిన చేతికి మాత్రమే పడకూడదు."

ఆయన ఒక్క క్షణం ఆమెను చూశాడు. తలనొప్పి ఎటో పోయింది. జేబులోంచి కలం తీశాడు. "చెప్పు. అత్త ఎంత?"

"డెబ్బై ఒకటి."

రాశాడు. సంతకం పెట్టాడు. కొలతల మాస్టారు పక్కనుంచి తొంగి చూసి, దీర్ఘంగా నిట్టూర్చి, తన సంతకం కూడా గిలికాడు. కుందేలుకు నాలుగో కాలు మొలిచింది.

సంఘం రోజున ఐదుగురు నిపుణులు పొడుగాటి బల్ల చుట్టూ కూర్చున్నారు. గదిలో పంతొమ్మిది డిగ్రీలు. అధ్యక్షురాలు శాలువా కప్పుకుని, శాలువా లోపల చేతులు దాచుకుని, ముక్కు మాత్రం బయటికి పెట్టి అధ్యక్షత వహిస్తోంది. మసకమ్మ పనల్లా పెట్టె మోసుకురావడం, మూత తియ్యడం, గోడ పక్కన నిలబడడం.

మూత తీసింది. కవచం బయటికొచ్చింది. పంతొమ్మిది డిగ్రీల్లో అది తెల్లగా, గుడ్డిగా, నేతంతా బయటపెట్టుకుని మెరిసింది.

"ఇది ముఖకవచమా?" అన్నాడు నిపుణుల్లో ఒకడు. "స్నానాలగది కిటికీ అనుకున్నాను."

రెండో నిపుణుడు దాన్ని కళ్ళముందు పెట్టుకుని అధ్యక్షురాలి వైపు చూసి, "మేడమ్, మీరు చాలా దూరంలో ఉన్నారు" అన్నాడు. ఆవిడ మూడడుగుల దూరంలో ఉంది.

పెద్దాయన లేచి వేడి గురించీ, జిగురు గురించీ చెప్పడం మొదలుపెట్టాడు. భయపడితే ఆయన మాటలు పాఠ్యపుస్తకం భాషలోకి వెళ్ళిపోతాయి. నాలుగో వాక్యానికి ఒక నిపుణుడు గడియారం చూసుకున్నాడు. అధ్యక్షురాలు కాగితం తన వైపు లాక్కుంది. కలం మూత తీసింది. మసకమ్మకు ఆ కలం మొన తప్ప గదిలో ఇంకేమీ కనబడలేదు.

"అమ్మా!" అంది గోడ దగ్గర్నుంచి. మేడమ్ అనాలని తర్వాత గుర్తొచ్చింది. "ఒక్కసారి దీన్ని బయటికి తీసుకొచ్చి చూడండి. వాళ్ళు పనిచేసేది ఈ గదిలో కాదు."

"ఈవిడెవరు?"

"కలిపిన మనిషండీ" అంది మసకమ్మ.

"నియమావళిలో మామూలు పరిస్థితుల్లో పరిశీలించాలని ఉంది," అన్నాడు మూడో నిపుణుడు. "ఇవి మామూలు పరిస్థితులు."

"ఇందులోనా అండీ? మేడమ్ గారు శాలువా కప్పుకున్నారు."

దాంతో మామూలు పరిస్థితులంటే ఏమిటన్న చర్చ లేచింది. అది పావుగంట గంభీరంగా సాగింది. గాలి మామూలుదై ఉండాలని ఒకరు, వెలుతురు మామూలుదై ఉండాలని ఒకరు, మనిషి మామూలువాడై ఉంటే చాలని ఒకరు వాదించారు. ఇంతలో అధ్యక్షురాలు రెండుసార్లు తుమ్మింది. మూడోసారి తుమ్మడానికి ముందు ఒక నిర్ణయానికొచ్చింది.

"బయటికి పదండి. ఎండ తగిలి నాకూ కాస్త ప్రాణం లేచొస్తుంది."

కార్లు నిలిపే ఖాళీ స్థలంలోకి అందరూ వచ్చారు. వచ్చిన నిమిషానికే సూర్యుడి మీదికి మబ్బు పాకింది. పెద్దాయన ఆకాశం వైపు చూసిన చూపు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. గడియారం నిపుణుడు మళ్ళీ మణికట్టు తిప్పాడు. మసకమ్మ ఇక లాభం లేదనుకుని కవచం తనే తలకు తగిలించుకుంది. కళ్ళముందు అంతా తెలుపు. మనుషులు నీడల్లా ఉన్నారు.

"ఊపిరికే కుంపటి" అని చెల్లెలు రాసిన మాట పట్టుకుని, ఆమె లోపల హా హా అని గాలి వదలడం మొదలుపెట్టింది. తెల్ల ముసుగేసుకుని నడివయసు మనిషి కార్ల మధ్య నిలబడి రొప్పుతుంటే, గేటు దగ్గర కాపలా మనిషి అంబులెన్సు పిలవమంటారా అని వచ్చి అడిగాడు.

"ఆగవయ్యా!" అని కసిరాడు కొలతల మాస్టారు. ఆయనే మొదట చూశాడు. "ఆమె ముక్కు కనబడుతోంది!"

నిజమే. మధ్యలోంచి మొదలైంది. అడ్డపోగులు పలచబడ్డాయి, నిలువు పోగులు నీళ్ళలో ఉప్పులా కరిగాయి. ముక్కు తర్వాత బుగ్గలు. సరిగ్గా అప్పుడే మబ్బు జరిగి ఎండ చెళ్ళున కొట్టింది. తెలుపు పక్కలకు పరిగెత్తింది, అంచుల దాకా వెళ్ళి అక్కడా నిలవలేక పారిపోయింది. మసకమ్మ ముఖం ముందు ఏమీ లేదు. ఏదో ఉందని చెప్పడానికి అంచున సన్నని వెలుగు గీత ఒకటి మిగిలింది.

"ఏదీ, ఇటివ్వు!" అధ్యక్షురాలు శాలువా పెద్దాయన చేతిలో పడేసి కవచం తగిలించుకుంది. "అబ్బ, ఇంత తేలికా!" తల అటూ ఇటూ తిప్పింది, పైకీ కిందికీ ఊపింది. దూరంగా గోడ మీద ఉన్న బోర్డు గట్టిగా చదివింది. "ఇచ్చట వాహనములు నిలుపరాదు." దాని కిందున్న కారు నంబరు కూడా చదివింది. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించింది. కారు ఆవిడదే.

తర్వాత అందరికీ కావాల్సి వచ్చింది. ఐదుగురు నిపుణులూ వరసగా తగిలించుకుని చీమల్నీ, చెట్టు మీది పిట్టనీ, ఒకరి చొక్కా మీద ఇంకొకరి టీ మరకనీ కనిపెట్టారు. స్నానాలగది నిపుణుడు రెండోసారి కూడా అడిగాడు.

అధ్యక్షురాలు కాగితాన్ని కారు బానెట్టు మీద పెట్టుకునే రాసింది: ఈ ఒక్క కవచాన్ని మందుపాతరలు లేని శిక్షణ స్థలంలో నెల రోజులు వాడి చూడాలి, ఎత్తకుండా వాడగలిగితే వంద కవచాలు, లేకపోతే లేదు. ఎవరికివ్వాలని పెద్దాయన అడిగితే, "ఏరివేసే దళంలో అద్దం అందరికన్నా ఎక్కువ ఎత్తేవాళ్ళెవరో చూసి వాళ్ళకివ్వండి" అంది. దళం పెద్దను అడిగారు. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మసకమ్మ చెల్లెలి పేరు చెప్పాడు.

నెల చివరి రోజున మసకమ్మ సెలవు పెట్టుకుని శిక్షణ స్థలానికి వెళ్ళింది. ఎర్ర తాడు ఇవతల, రేకు నీడలో నిలబడమన్నారు. తాడు అవతల ఎండలో చెల్లెలు మోకాళ్ళ మీద జానెడు జానెడు ముందుకు జరుగుతోంది. దళం పెద్ద రాసుకునే పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. ముప్పై రోజుల్లో ఎన్నిసార్లు ఎత్తిందని మసకమ్మ అడగబోయి, అడగలేక ఊరుకుంది.

చెల్లెలి చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. మసకమ్మ తాడు దాకా వచ్చేసింది. చెయ్యి చీమను దులుపుకుని వెనక్కొచ్చేసింది. ఇంకాసేపటికి ఆమె వంగి, గడ్డిలో గడ్డిరంగు తీగ ఒకటి వేలితో చూపించి, పక్కన చిన్న జెండా గుచ్చింది. శిక్షకుడు అక్కడ తీగ పెట్టిన సంగతి తనకే గుర్తులేదని ఒప్పుకున్నాడు.

ఈల వేశారు. చెల్లెలు లేచి, నడుము విరుచుకుని, తాడు దాటి నీడలోకి వచ్చింది. ముఖమంతా చెమట. అక్కను చూసి నవ్వింది. బల్ల మీద నీళ్ళ సీసా అందుకుని, మూత తిప్పి, తల వెనక్కి వాల్చి గటగటా తాగబోయింది.

టక్!

సీసా మూతి ముఖకవచానికి కొట్టుకుంది. నీళ్ళన్నీ మెడ మీదుగా చొక్కాలోకి దిగిపోయాయి. చెల్లెలు ఉలిక్కిపడి, ముఖం ముందు గాలిని తడుముకుని, వేళ్ళకు తగిలిన దాన్ని నమ్మలేనట్టు రెండుసార్లు తట్టి చూసుకుంది.

దళం పెద్ద పుస్తకం బల్ల మీద పడేసి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మసకమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియడం లేదు.

"చూస్తావేంటక్కా నిలబడి! తువ్వాలివ్వు!" అని అరిచింది చెల్లెలు లోపల్నుంచి. తీయడం ఇంకా గుర్తు రాలేదు.